గిగ్‌కి ముందు బేస్ గిటార్ సెటప్ చేసుకోవడం ఎలా?

గిగ్, అంటే స్టేజి ప్రోగ్రాం, శనివారం ఉంటే తీగలు బుధవారం మార్చండి. శనివారం పొద్దున మాత్రం మార్చకండి. ఈ ఒక్క మాట పాటించినా సగం టెన్షన్ తగ్గుతుంది.

నేను ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు బ్యాండ్‌తో బేస్ వాయిస్తాను. పదిహేనేళ్లుగా నా గిటార్ సెటప్ నేనే చేసుకుంటున్నాను, తోటివాళ్లు తెచ్చిస్తే వాళ్లవీ చేసిపెడుతున్నాను. ఎవరి గిటార్ చేతికొచ్చినా అవే తప్పులు కనిపిస్తాయి. తీగ చివర తప్పుగా కత్తిరించి ఉంటుంది, నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి కర్ర) లోపలి ట్రస్ రాడ్ అనే కడ్డీ అతిగా బిగించి ఉంటుంది, సాడిళ్లు (ఒంటి మీది బ్రిడ్జిలో తీగలు ఆనే చిన్న దిమ్మలు) కొన్ననాటి నుంచి కదిలిన జాడే ఉండదు. ఇవన్నీ ఇంట్లో కూర్చుని జాగ్రత్తగా చేసుకోదగ్గ పనులే. కష్టమైంది ఒక్కటే ఉంది, దాని దగ్గరికి వచ్చాక నెమ్మదిగా చెబుతాను.

ముందు బుధవారం సంగతి. మొదటి రోజుల్లో నేనూ ఒకసారి గిగ్ రోజు పొద్దున్నే కొత్త తీగలు వేసుకుని స్టేజి ఎక్కాను. సౌండ్‌చెక్‌లో అంతా బాగుంది. మొదటి పాట సగానికి వచ్చేసరికి నాలుగో తీగ, అంటే అన్నిటికంటే లావుది, శృతి దిగడం మొదలైంది. కీబోర్డ్ వాయించే తమ్ముడు పక్కకు వంగి, "అన్నా, నీ లావు తీగ దిగిపోయింది, చూసుకో" అన్నాడు. పాట మధ్యలో చూసుకోవడానికి ఏముంటుంది? మిగతా పాటంతా ఆ తీగ ముట్టకుండా పై స్థాయిలో వాయించాను. బ్యాండ్ మొత్తం కింద నేల లేనట్టు వినిపించింది. గిటారిస్టు శృతి తప్పితే ఒక వాద్యం శృతి తప్పినట్టు ఉంటుంది. బేస్ తప్పితే పాడేవాళ్లతో సహా అందరూ తప్పినట్టే వినిపిస్తుంది.

కొత్త తీగ సర్దుకోవడానికి టైమ్ పడుతుంది. తలకాయ దగ్గర తీగ చుట్టే పోస్టు మీద చుట్లు బిగుసుకోవాలి, సాడిల్ మీద వంపు కుదరాలి. అంతకంటే ముఖ్యం, నెక్ సర్దుకోవాలి. నాలుగు తీగలు కలిసి నెక్‌ను దాదాపు 70 నుంచి 80 కిలోల బలంతో లాగుతుంటాయి. అంత లాగుడు తీసేసి మళ్లీ పెడితే, కర్ర వెంటనే పాత చోటికి రాదు. రాత్రంతా పడుతుంది, ఒక్కోసారి రెండు రాత్రులు పడుతుంది.

వరుస కూడా మార్చకండి. ముందు తీగలు, తర్వాత నెక్ వంపు, తర్వాత యాక్షన్ (తీగకూ, నెక్ మీది అడ్డ లోహపు గీతలైన ఫ్రెట్లకూ మధ్య ఎత్తు), తర్వాత ఇంటొనేషన్ (ఏ ఫ్రెట్ నొక్కినా స్వరం సరిగ్గా పలికేలా సర్దడం), చివర పికప్ (తీగ ఊపును పట్టి యాంప్లిఫయర్‌కు, అంటే యాంప్‌కు పంపే అయస్కాంతపు భాగం) ఎత్తు. ఒక్కో పని తన తర్వాతి పనులన్నిటినీ కదిలిస్తుంది. నెక్ కదిలితే యాక్షన్ మారుతుంది, యాక్షన్ మారితే ఇంటొనేషన్ మారుతుంది. వెనక నుంచి మొదలుపెడితే ప్రతిదీ రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

కావలసినవి

కొత్త తీగల సెట్, ట్యూనర్, తీగలు తెంచే కటర్, మీ గిటార్‌కు సరిపోయే అలెన్ కీలు, స్క్రూడ్రైవర్, అర మిల్లీమీటరు గీతలున్న స్టీల్ స్కేలు, ఫీలర్ గేజ్, కాపో (నెక్ మీద తీగలను నొక్కి పట్టే క్లిప్పు), పొడిగుడ్డ. ఫీలర్ గేజ్ అంటే బండి మెకానిక్‌లు సన్నటి సందులు కొలవడానికి వాడే రేకుల కట్ట. అది లేకపోతే ఒక విజిటింగ్ కార్డు చాలు, దాని మందం దాదాపు 0.3 మి.మీ. ఉంటుంది.

పాత తీగలు తీయడం

పూర్తిగా వదులు చేశాకే కత్తిరించండి. బిగువుగా ఉన్న తీగను కట్ చేస్తే అది కొరడాలా లేచి మొహానికి తగులుతుంది. నాలుగూ ఒకేసారి తీసేయండి. ఒక్కొక్కటే మార్చాలి, లేకపోతే నెక్ పాడైపోతుందని చాలామంది భయపెడతారు. గంటసేపు తీగలు లేకపోతే నెక్‌కు ఏమీ కాదు. అన్నీ తీసేస్తేనే ఫ్రెట్‌బోర్డు మీద పేరుకున్న చెమట, మురికి శుభ్రంగా తుడవగలం. బ్రిడ్జి స్క్రూలతో బిగించకుండా తీగల బిగువు మీదే నిలబడే డొల్ల గిటార్లు కొన్ని ఉంటాయి. వాటికి మాత్రం ఒక్కొక్కటే మార్చండి.

కొత్త తీగలు వేయడం

ఇంతకుముందు ఉన్న సైజే వేయండి. ఎక్కువమంది వాడేది 0.045 నుంచి 0.105 అంగుళాల సెట్. సైజు మారిస్తే లాగుడు మారుతుంది, నెక్ వంపు మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. గిగ్ వారంలో ఆ ప్రయోగం వద్దు.

బ్యాండ్‌తో వాయించేవాళ్లు నికెల్ రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టిన) తీగలే వాడాలి. స్టీల్‌వి వేళ్లనూ ఫ్రెట్లనూ తినేస్తాయి, ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన తీగ చుట్టిన) తీగలు గిటార్లూ డ్రమ్సూ హోరెత్తినప్పుడు వినపడవు. ఈ మాట అనగానే ఎవరో ఒకరు జేమ్స్ జామర్సన్ పేరు ఎత్తుతారు. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటలెన్నిటికో బేస్‌తో ప్రాణం పోసిన ఆ మహానుభావుడు ఫ్లాట్‌వౌండ్ తీగలు వాడేవాడు, తెగితే తప్ప మార్చేవాడు కాదు. నిజమే. ఆయన తీగలు పైన నున్నగా ఉండేవి కాబట్టి ఆ పద్ధతి ఆయనకు నడిచింది. రౌండ్‌వౌండ్ తీగకు మెలికల మధ్య సందులుంటాయి. వాటిలో చెమట, చర్మపు పొట్టు చేరి గట్టిపడితే తీగ మొద్దుబారి టప్ టప్‌మని పలుకుతుంది. రౌండ్‌వౌండ్ వేసుకుని జామర్సన్ పేరు చెప్పి ఏళ్ల తరబడి మార్చకపోవడం కుదరదు.

ఇక కత్తిరింపు. తీగను బ్రిడ్జిలోంచి లాగి, తన పోస్టు దాటి 10 నుంచి 12 సెంటీమీటర్లు వదలండి. అక్కడ ముందు 90 డిగ్రీలు వంచండి. వంపు పడ్డాకే, ఆ వంపు దాటి ఒక సెంటీమీటరు పైన కత్తిరించండి. బేస్ తీగ అంటే లోపల ఒక ఉక్కు తీగ, దాని చుట్టూ మెలిక తిప్పిన ఇంకో తీగ. వంచకుండా కత్తిరిస్తే పై మెలిక వదులైపోతుంది. ఆ వదులు లోపలికి పాకితే, బ్రాండ్ కొత్త తీగ కూడా వారం వాడినదానిలా పలుకుతుంది. చాలామంది దుకాణం వాణ్ణి తిట్టుకునేది ఇక్కడే. తప్పు వాళ్ల చేతి కటర్‌ది.

చివరను పోస్టు మధ్య రంధ్రంలో దించి, చుట్లు పై నుంచి కిందికి, ఒకదాని కింద ఒకటి వచ్చేలా తిప్పండి. రెండు మూడు చుట్లు చాలు. చుట్లు కిందికి దిగితేనే తీగ నట్ మీద గట్టిగా నొక్కుకుని ఉంటుంది. నట్ అంటే ఇక్కడ తలకాయ దగ్గర తీగలు కూర్చునే గాడుల పట్టీ. చుట్లు పైకి ఎక్కితే తీగ ఆ గాడిలో తేలిపోయి, ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటినప్పుడు జుయ్‌మని రొద చేస్తుంది. మీరేమో ఆ రొదకు కారణం నెక్‌లో వెతుకుతూ కూర్చుంటారు.

లావు తీగ నుంచి వరుసగా ఈ, ఏ, డీ, జీ శృతికి తెచ్చాక, ఒక్కో తీగను పన్నెండో ఫ్రెట్ దగ్గర పట్టుకుని వేలి మందమంత పైకి లాగి వదలండి. శృతి దిగుతుంది. మళ్లీ ఎక్కించి మళ్లీ లాగండి. లాగినా దిగని దాకా, అంటే మూడు నాలుగు సార్లు. తర్వాత సాడిల్‌కు కాస్త ముందు, నట్‌కు కాస్త ముందు బొటనవేలితో తీగను సుతారంగా కిందికి నొక్కండి. తీగ అక్కడ గుండ్రంగా కాకుండా పదునుగా మలుపు తిరగాలి. ఈ చిన్న పని ఎవరూ చేయరు. చేసి చూస్తే మోత ఎంత శుభ్రపడుతుందో మీకే తెలుస్తుంది.

ఇక ఆ రాత్రికి గిటార్‌ను అలా వదిలేయండి. శృతిలోనే ఉంచండి.

నెక్ వంపు: ఇక్కడ తొందర వద్దు

మర్నాడు మళ్లీ శృతి సరిచేసి కూర్చోండి. ఈ పని చేసేటప్పుడు ఫోన్ పక్కన పెట్టండి. గిటార్లు పాడయ్యేది ఈ ఒక్క మెట్టు దగ్గరే.

నెక్ లోపల పొడవునా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, దాన్నే ట్రస్ రాడ్ అంటారు. గిబ్సన్ అనే గిటార్ల సంస్థలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ రూపొందించిన రాడ్‌కు 1923లో పేటెంట్ వచ్చింది. ఇప్పటికీ దాని పని ఒక్కటే. తీగలు నెక్‌ను ముందుకు లాగుతుంటే, ఆ లాగుడుకు ఎదురు నిలబడటం. అంతే. యాక్షన్ తగ్గించడం దాని పని కాదు. ఈ వాక్యం రెండుసార్లు చదవండి. యాక్షన్ అంటే తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఉండే ఎత్తు, దాన్ని మార్చేది బ్రిడ్జి దగ్గర సాడిళ్లు. రాడ్ బిగిస్తే యాక్షన్ కొంచెం తగ్గినట్టు కనిపించే మాట నిజమే, అందుకే జనం మోసపోతారు.

ఒక మిత్రుడు అలాగే మోసపోయాడు. తీగలు ఎత్తుగా ఉన్నాయని రాడ్‌ను కొంచెం బిగించాడు. తగ్గాయి. ఇంకొంచెం బిగించాడు. అలా రెండు పూర్తి చుట్లు తిప్పేశాడు. నా దగ్గరికి తెచ్చేసరికి మొదటి ఐదు ఫ్రెట్లలో ఏ స్వరం నొక్కినా గరగర తప్ప మోత లేదు. నెక్ వెనక్కి వంగిపోయింది. రాడ్ తల లోపల ఆరు పలకల గాడి అరిగి గుండ్రంగా అయిపోయింది, కీ పెడితే జారిపోతోంది. దాన్ని వదులు చేయడం నా వల్ల కాలేదు. చేయి తిరిగిన పనివాడి దగ్గరికి పంపాల్సి వచ్చింది. ఆ మిత్రుడు మొదట్లోనే సాడిళ్లను రెండు మిల్లీమీటర్లు దించి ఉంటే పావుగంటలో అయిపోయే పని అది.

నెక్ ఎందుకు నిటారుగా ఉండకూడదో తెలిస్తే చేయి అదుపులో ఉంటుంది. మీటిన తీగ నడిమి భాగంలో అన్నిటికంటే ఎక్కువగా ఊగుతుంది. బేస్ నాలుగో తీగ సెకనుకు 41 సార్లే ఊగుతుంది, ఆ ఊపు వెడల్పు కంటికే కనిపిస్తుంది. ఆ ఊపుకు చోటివ్వడానికి నెక్ కూడా నడుమ దగ్గర వెంట్రుకవాసి లోతుగా ఉండాలి. ఆ లోతునే రిలీఫ్ అంటారు.

కొలిచే పద్ధతి ఇది. గిటార్‌ను వాయించేటప్పుడు ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకోండి. బల్ల మీద పడుకోబెట్టి కొలవకండి, నెక్ బరువుకే కొలత మారుతుంది. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో పెట్టండి. కుడిచేత్తో అదే నాలుగో తీగను ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కండి. ఇప్పుడు బిగువైన ఆ తీగే మీ స్కేలు. ఏడో ఫ్రెట్ దగ్గర తీగ అడుగుకూ ఫ్రెట్ నెత్తికీ మధ్య ఎంత సందుందో చూడండి. 0.3 మి.మీ. ఉండాలి. రేకు గానీ విజిటింగ్ కార్డు గానీ తీగను పైకి లేపకుండా, వదులుగా ఆడకుండా, రాసుకుంటూ లోపలికి దూరాలి. చేతులు చాలకపోతే పక్కవాళ్లను కార్డు పెట్టమనండి.

కార్డు లేకపోయినా తెలుసుకోవచ్చు. రెండు వైపులా నొక్కి ఉంచి, ఏడో ఫ్రెట్ మీద తీగను వేలితో తట్టండి. టిక్‌మని సన్నగా వినిపించి తీగ కాస్త కదిలితే వంపు ఉన్నట్టు. అసలు కదలకపోతే నెక్ నిటారుగా ఉన్నట్టు, లేదా వెనక్కి వంగినట్టు. 0.25 నుంచి 0.4 మధ్య ఉండి, వాయిస్తే శుభ్రంగా పలుకుతుంటే రాడ్ ముట్టుకోకండి. పేరుకు 0.3 తెప్పించాలని తిప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు.

తిప్పాల్సి వస్తే ముందు కీ సంగతి. రాడ్ తలకు కీ వేలికి అంటినట్టు బిగుతుగా పట్టాలి. అంగుళాల లెక్కలో చేసిన గిటార్లు, మిల్లీమీటర్ల లెక్కలో చేసినవి రెండు రకాలుంటాయి. 3/16 అంగుళాల గాడి అంటే 4.76 మి.మీ. దానికి 5 మి.మీ. కీ దూరదు, 4.5 మి.మీ. కీ దూరి వదులుగా ఆడుతుంది. ఆ వదులు కీతో బలంగా తిప్పిన రోజే గాడి అరగడం మొదలవుతుంది. గిటార్‌తో వచ్చిన కీ పారేయకండి. పోతే, తయారీదారు చెప్పిన సైజే కొనండి. కీని అడుగంటా దించి, ఒకసారి వేలితో ఆడించి చూసి, అప్పుడే తిప్పండి.

రాడ్ తలకు ఎదురుగా ఉండి చూస్తే, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది, నెక్ నిటారవుతుంది, సందు తగ్గుతుంది. ఎదురు వైపు తిప్పితే వదులవుతుంది, సందు పెరుగుతుంది. రాడ్ తల గిటార్ తలకాయ దగ్గర ఉన్నా, నెక్ మొదట్లో ఉన్నా ఇదే లెక్క, చూసే దిక్కు ఒక్కటే మారుతుంది. పాత నమూనా నెక్‌లకు అది మొదట్లో, ఒంటి లోపల దాక్కుని ఉంటుంది. వాటికి తీగలు వదులు చేసి, నెక్ స్క్రూలు సడలించి నెక్ కాస్త పైకి లేపాలి. మొదటిసారి చేసేవాళ్లు ఆ రకాన్ని ముట్టుకోకుండా తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని చూడటం మంచిది.

బిగించాలన్నా సరే, ముందు వదులు వైపు ఒక చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి చూడండి. రాడ్ కదులుతోందా, తుప్పు పట్టి అతుక్కుపోయిందా అన్నది అక్కడే తెలుస్తుంది. కదిలితే వెనక్కి తెచ్చి, తీగలు ఒక స్వరం దించి, కావలసిన వైపు ఎనిమిదో వంతు తిప్పండి. గడియారంలో పన్నెండు మీదున్న ముల్లు ఒంటిగంటన్నరకు వస్తే ఎంతో, అంత. కీ మొదట ఎక్కడుందో పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. చేయి మర్చిపోయినా గీత మర్చిపోదు. మళ్లీ శృతి చేసి కొలవండి. సరిపోకపోతే ఇంకో ఎనిమిదో వంతు. ఒక రోజులో పావు చుట్టు దాటకండి. ఈ మాటలో సడలింపు లేదు.

ఎందుకంటే కర్ర ఆలస్యంగా కదులుతుంది. నేను మొదటిసారి తిప్పినప్పుడు ఈ సంగతి తెలియదు. సాయంత్రం పావు చుట్టు తిప్పాను, సందు పెద్దగా తగ్గలేదనిపించి ఇంకో పావు తిప్పాను. పొద్దున చూస్తే సందే లేదు. కంగారుపడి వెనక్కి అర చుట్టు తిప్పాను. రాత్రికి మళ్లీ విల్లులా వంగింది. మూడు రోజులు అటూ ఇటూ ఊగాక, మొదట్లో ఉన్న చోటుకే తెచ్చి పెట్టి వదిలేశాను. ఆ మొదటి పావు చుట్టు తిప్పి నిద్రపోయి ఉంటే సరిపోయేది.

తిప్పుతుంటే గట్టిగా అడ్డుపడితే ఆగిపోండి. చప్పుడొస్తే ఆగిపోండి. బలం పెట్టాల్సిన పని కాదిది, మూత గట్టిగా ఉన్న సీసా తిప్పేటంత బలం కూడా అక్కర్లేదు. కొన్ని గిటార్లలో రెండు వైపులా పనిచేసే రాడ్ ఉంటుంది. దానికి మధ్యలో కొంత దూరం ఏ పట్టూ లేకుండా వదులుగా తిరిగే చోటు వస్తుంది. ఊడిపోయిందని భయపడకండి, ఆ చోటు దాటాక మళ్లీ పట్టు దొరుకుతుంది.

రొద వచ్చినప్పుడల్లా రాడ్ మీద పడకుండా, ఎక్కడ వస్తోందో వినండి. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో వస్తే నెక్ మరీ నిటారుగా ఉంది, అది రాడ్ పని. పన్నెండు దాటాక మాత్రమే వస్తే సాడిల్ దిగిపోయింది. ఏమీ నొక్కకుండా మీటినప్పుడు మాత్రమే వస్తే నట్ గాడి అరిగింది, లేదా తీగ ఆ గాడిలో తేలుతోంది. ఒకే ఒక్క ఫ్రెట్ దగ్గర వస్తే దాని పక్క ఫ్రెట్ లేచి ఉంది. చివరి మూడింటికీ రాడ్‌తో సంబంధమే లేదు, ఎంత తిప్పినా పోవు.

ఇంకో మాట. యాంప్ కట్టేసి వింటే వినిపించి, యాంప్‌లో వినపడని రొదను రొదగా లెక్కపెట్టకండి. వినేవాళ్లకు చేరేది యాంప్‌లో మోతే.

యాక్షన్

పదిహేడో ఫ్రెట్ దగ్గర, ఏమీ నొక్కకుండా, నాలుగో తీగ కింద 2.4 మి.మీ., మొదటి తీగ కింద 2 మి.మీ. ఉంచండి. మధ్య రెండూ ఫ్రెట్‌బోర్డు గుండ్రాన్ని అనుసరించి వాటి మధ్యలో ఉండాలి. సాడిల్ స్క్రూలు రెండూ సమానంగా తిప్పితే సాడిల్ వాలిపోకుండా ఉంటుంది.

ఇంతకంటే దించకండి. తీగలు ఫ్రెట్లకు అంటుకున్నట్టు ఉంటే వేగం వస్తుందని ఒక నమ్మకం ఉంది. ఇంట్లో, సోఫాలో, మెల్లగా వాయించినప్పుడు వస్తుంది కూడా. స్టేజి మీద డ్రమ్స్ మొదలవగానే మీ చేయి మీకు తెలియకుండానే రెట్టింపు బలంతో మీటుతుంది. ఇంట్లో శుభ్రంగా పలికిన తీగ అక్కడ ఫ్రెట్లకు కొట్టుకుంటుంది. అందుకే యాక్షన్ సరిచూసేటప్పుడు నిలబడి, పట్టీ వేసుకుని, గిగ్‌లో కొట్టినంత గట్టిగా కొట్టి చూడండి.

ఇంటొనేషన్

1951లో గిటార్ల తయారీదారు లియో ఫెండర్ తెచ్చిన బేస్‌కు ప్రెసిషన్ అన్న పేరు ఫ్రెట్ల వల్లే వచ్చింది. ఫ్రెట్‌లేని పెద్ద డబుల్ బేస్ మీద చెవితో వెతుక్కోవాల్సిన స్వరం ఇక్కడ కచ్చితంగా దొరుకుతుందని. అయితే మొదట్లో దానికి రెండు తీగలకు ఒకటి చొప్పున రెండే సాడిళ్లు ఉండేవి, ఒక తీగకు సరిచేస్తే పక్కది తప్పేది. ఇప్పుడు దాదాపు ప్రతి బేస్‌లో తీగకో సాడిల్ ఉంటుంది. ఉన్న సౌకర్యం వాడుకోండి.

పన్నెండో ఫ్రెట్ పైన తీగను వేలితో తాకీ తాకనట్టు ఉంచి మీటండి, గంటలా మోగుతుంది. దాన్ని ట్యూనర్‌లో సరిగ్గా నిలబెట్టండి. ఇప్పుడు అదే ఫ్రెట్ నొక్కి మీటండి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే తీగ పొడవు చాలలేదు, సాడిల్‌ను వెనక్కి జరపండి. తక్కువ చూపిస్తే ముందుకు. జరిపే ముందు తీగ కాస్త వదులు చేయండి, జరిపాక మళ్లీ శృతి చేసి మళ్లీ చూడండి. గట్టిగా నొక్కకండి, నొక్కుడుకే స్వరం పైకి పోతుంది.

నాలుగో తీగ దగ్గర ట్యూనర్ ముల్లు నిలకడగా ఉండదు. టోన్ నాబ్ తగ్గించి, రెండు పికప్‌లుంటే నెక్ వైపు పికప్ ఒక్కటే ఉంచి, బొటనవేలి కండతో మెత్తగా మీటితే ముల్లు కుదురుతుంది. పాత తీగల మీద ఇంటొనేషన్ చేయడం టైమ్ వేస్ట్. అరిగిన తీగ ఒక చోట లావు, ఒక చోట సన్నం అయి ఉంటుంది. అలాంటిదానికి సాడిల్ ఎక్కడ పెట్టినా నిలకడైన శృతి రాదు.

పికప్, బ్యాటరీ

తీగను ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి చూస్తే, పికప్‌కూ తీగకూ మధ్య లావు తీగ వైపు 3 మి.మీ., సన్న తీగ వైపు 2.5 మి.మీ. దాకా ఉంటే చాలు. ఇంకా దగ్గరికి తెస్తే సౌండ్ పెరుగుతుంది కానీ అయస్కాంతం తీగను లాగి స్వరం ఊగిసలాడుతుంది.

గిటార్ యాక్టివ్ రకమైతే, అంటే లోపల బ్యాటరీతో నడిచేదైతే, 9 వోల్టుల బ్యాటరీ కొత్తది వేయండి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, కాబట్టి వాయించడం అయిన వెంటనే కేబుల్ తీసేయండి.

గిగ్ రోజు

సంచిలో రెండు కేబుళ్లు, ఒక బ్యాటరీ, అలెన్ కీలు, ఇంకో తీగల సెట్, ట్యూనర్ పెడల్. యాంప్ హెడ్ (నాబ్‌లుండే పెట్టె) నుంచి స్పీకర్ పెట్టెకు స్పీకర్ కేబులే వాడండి. చివర్లు ఒకలాగే ఉన్నాయని గిటార్ కేబుల్ గుచ్చితే అది ఆ కరెంటుకు తట్టుకోలేదు, యాంప్‌ కూడా దెబ్బతినొచ్చు.

యాంప్ నాబ్‌లన్నీ నడిమికి తెచ్చి మొదలుపెట్టండి. ఇంట్లో ఒంటరిగా వాయించినప్పుడు బేస్, ట్రెబుల్ పెంచి మిడ్ తగ్గిస్తే చెవికి ఇంపుగా ఉంటుంది. బ్యాండ్‌లో అదే సెట్టింగ్‌తో మీరు మాయమైపోతారు. కింది 41 హెర్ట్జ్ మోతను చిన్న స్పీకర్లు సరిగ్గా పలికించలేవు. మన చెవి ఆ స్వరాన్ని గుర్తుపట్టేది దాని మీద వచ్చే 82, 123 లాంటి పై మోతలతోనే. ఆ పైన స్వరానికి ఆకారం ఇచ్చేది మిడ్. కాబట్టి మీరు వినపడటం లేదంటే బేస్ నాబ్ కాదు, మిడ్ నాబ్ తిప్పండి. యాంప్‌ను నేల మీద పెట్టి దాని ముందే నిలబడితే మోతంతా మోకాళ్లకు పోతుంది. వెనక్కి వంచి చెవుల వైపు తిప్పండి, లేదా కుర్చీ మీద పెట్టండి.

యాంప్‌నుంచి సౌండ్ ఇంజనీరుకు వెళ్లే డీఐ లైన్‌కు ప్రీ, పోస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. ప్రీలో పెట్టండి. అప్పుడు మీరు మీ కోసం తిప్పే నాబ్‌లు హాల్లో మోతను చెడగొట్టవు. హమ్మ్‌మని శబ్దం వస్తుంటే గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కి చూడండి, చాలాసార్లు పోతుంది. పవర్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసి ఆ శబ్దం ఆపే పద్ధతి ఎవరు చెప్పినా వినకండి. అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఏసీ గదిలోంచి ఆరుబయట స్టేజికి వెళ్తే, గిటార్‌ను బ్యాగులోంచి తీసి అరగంట ముందే స్టాండు మీద పెట్టండి. ఆ గాలికి అలవాటు పడ్డాక శృతి చేయండి. లైట్ల వేడికి మొదటి రెండు పాటల తర్వాత మళ్లీ చూడండి. ఎప్పుడూ కింది నుంచి పైకి ఎక్కిస్తూ శృతికి రండి. పైకి పోతే బాగా దించి మళ్లీ ఎక్కండి. పై నుంచి దించి ఆపితే గేరులో మిగిలిన వదులు పాట మధ్యలో బయటపడుతుంది. ఆ రోజు నెక్ కాస్త అటూ ఇటూ అయినట్టు అనిపించినా రాడ్ ముట్టుకోకండి. అవసరమైతే సాడిల్ పావు చుట్టు ఎత్తి వాయించేయండి.

గిగ్ అయ్యాక ఒక్కో తీగను పొడిగుడ్డలో పట్టుకుని నట్ నుంచి బ్రిడ్జి దాకా, అడుగు వైపు కూడా, రెండుసార్లు తుడవండి. తీగలు వదులు చేయకండి, శృతిలోనే బ్యాగులో పెట్టండి. రాత్రికి కారు డిక్కీలో మాత్రం వదిలేయకండి.